తిరుపతి పటం గంగమ్మ కథలో ఉంది

తిరుపతి అనగానే అందరికీ కొండే. రైలు దిగడం, అలిపిరి చేరడం, దర్శనం, తిరుగు ప్రయాణం. కొండ కింద ఒక ఊరుందని, అందులో తరాలుగా మనుషులున్నారని ఎవరికి పట్టింది? ఈ ఊరిని మళ్లీ ఊరివాళ్ల చేతిలో పెట్టగలిగింది నాకు తెలిసి ఒక్కటే: గ్రామదేవత గంగమ్మ కథ.

మే నెలలో జాతర చాటింపు పడిందా, ఇక ఊరివాళ్లు పొలిమేర దాటి రాత్రి బస చేయకూడదు. ఆ పొలిమేరను ఏ సర్వేయరూ గొలుసు లాగి కొలవలేదు. ఆడపిల్లల్ని చెరిచిన పాలెగాడి కోసం అమ్మవారు రోజుకో వేషంలో ఈ సందులన్నీ గాలించింది. ఆమె దొర వేషం కట్టిన నాడు, దాక్కున్నవాడు నిజంగా దొరే వచ్చాడనుకుని బయటికొచ్చి ఆమె చేతికి చిక్కాడు. అధికారం వేషం కట్టి అధికారాన్నే వేటాడిన కథ! ఏటా అది మళ్లీ నడుస్తుంది. తోటి వేషం నాడు ఒళ్లంతా బొగ్గు పూసుకుని, వేపాకు కట్టుకుని, నాన్న భుజమెక్కి వెళ్లే పిల్లాడిని చూడండి. అమ్మవారి వేషాలు కట్టే కైకాల వంశం వాళ్లు గుమ్మం ముందుకొస్తే ఆడవాళ్లు కాళ్లకు పసుపు నీళ్లు పోసి హారతిస్తారు. ఆ వీధి ఎవరిదో అక్కడ తేలిపోతుంది.

రోజూ వేలమంది వచ్చే ఊరు కథలతో నడవదు, రోడ్లు వెడల్పు చేయాలి అంటారు. చేయండి. కానీ దేన్ని పూడ్చకూడదో చెప్పేదీ కథే.

అమ్మవారి గుడి ఉన్నది తాతయ్యగుంటలో. ఇంకో పేట కొర్లగుంట. పేర్లలోనే నీళ్లున్నాయి. 1801లో ఈ సీమను చేజిక్కించుకున్న ఈస్టిండియా కుంపిణీ, 1843లో కొండ గుడి పెత్తనాన్ని హథీరాంజీ మఠం మహంతులకు వదిలింది గానీ భూమి లెక్కను వదల్లేదు. శిస్తు రాని నేలంతా దాని పుస్తకంలో పోరంబోకు. చెరువు, వాగు, శ్మశానం, బండ్ల బాట అన్నీ ఆ ఒక్క మాట కింద పడ్డాయి. దొరలు పోయి ఇన్నేళ్లయినా ఆ మాట మన ఆఫీసుల్లోంచి పోలేదు. ‘పోరంబోకే కదా’ అంటే చాలు, మట్టి లారీ వచ్చేస్తుంది. 2021 నవంబరు వానలకు కాలనీలు మునిగినప్పుడు కాలువలు చిన్నవన్నారు. గుంటలు ఏమయ్యాయని అడిగినవాళ్లెందరు?

వార్డులో ప్లాను పరిచే ముందు ఆ వీధి అవ్వను పిలిచి కూర్చోబెట్టండి. గుంట ఎక్కడి దాకా ఉండేది, గట్టు మీద ఏ చెట్టుండేది, గంగమ్మకు పొంగళ్లు ఎక్కడ పెట్టేవాళ్లు అని అడగండి. ఆమె చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాసి ఫైల్లో పెట్టండి. లేఅవుటు మీద సంతకం ఆ తర్వాత.