పది గంటలు బస్సులో కూర్చున్నవాడు బద్ధకస్తుడా?

2024 మేలో పోలింగ్‌కు ముందు రెండు రోజులు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు ఎలా బారులు తీరాయో టీవీల్లో అందరం చూశాం. ఎల్బీనగర్‌లో బస్సు దొరక్క పిల్లల్ని చంకనేసుకుని గంటలకొద్దీ నిలబడ్డవాళ్లున్నారు. సంక్రాంతి కాదు, దసరా కాదు. 13న ఓట్లు. సొంతూరి బూత్‌లో వేలికి సిరా పూయించుకోవడానికి హైదరాబాద్‌లో ఉంటున్న ఆంధ్ర జనం అలా కదిలారు. అదే రోజు ఇక్కడ హైదరాబాద్‌లోనూ లోక్‌సభ పోలింగే. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 82 శాతం నమోదైంది. హైదరాబాద్ స్థానంలో 48.

మర్నాడు మామూలే. నగర ఓటరుకు బాధ్యత లేదు, సెలవిస్తే సినిమాకు పోయాడు, చదువుకున్నవాళ్లే ఇంత అని తలంటు. ప్రతి ఎన్నికకూ వినే పాటే ఇది. నాకు మాత్రం ఈ తిట్టు మీద ఎప్పుడూ నమ్మకం కుదరలేదు.

మాదాపూర్‌లో ఉద్యోగం చేసే కుర్రాణ్ణి తీసుకోండి. ఓటు ఊళ్లో ఉంటే పది గంటలు బస్సులో నలిగి వెళ్తాడు. అదే ఓటు ఇక్కడికి మార్పించుకుంటే పక్క వీధిలో ఉన్న స్కూలు దాకా కూడా నడవడు. చదువు అదే, జీతం అదే, బద్ధకం కూడా అదే. మరి తేడా ఎక్కడుంది? ఊళ్లో పొద్దున పదింటికల్లా అతను బూత్‌కు రాలేదంటే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "ఏరా, ఇంకా బయల్దేరలేదా?" అని పేరు పెట్టి అడుగుతారు. బూత్‌లో కూర్చున్న ఏజెంట్‌కు అతని తాత కూడా తెలుసు. ఇక్కడ అతను ఓటేసినా, వేయకపోయినా పట్టించుకునే ప్రాణి లేదు. వాచ్‌మన్‌కు కూడా అతను 402 మాత్రమే.

పార్టీలు బస్సులు పెట్టి డబ్బులు పంచాయి కాబట్టే వెళ్లారంటారా? పంచాయి, కాదనను. కానీ నోటు చేతిలో పెట్టాలన్నా ముందు ఆ మనిషి ఎక్కడున్నాడో తెలియాలి కదా. హైదరాబాద్‌లో పార్టీలకు డబ్బు లేకనా పోలింగ్ సగం కూడా దాటనిది?

ఎన్నికల సంఘం 2009 నుంచి స్వీప్ పేరుతో ఓటరు చైతన్య కార్యక్రమాలు నడుపుతోంది. పరుగులు, ముగ్గుల పోటీలు, సినిమా తారల ప్రకటనలు, ప్రతిజ్ఞలు. జీహెచ్ఎంసీ ఎన్నికల్లో పోలింగ్ 2009లో 42 శాతం, 2016లో 45, 2020లో 46 చిల్లర. అంటే పదకొండేళ్లలో పెరిగింది నాలుగు శాతం పైచిలుకు. మరోపక్క 2025 డిసెంబరులో తెలంగాణ పంచాయతీ ఎన్నికలు మూడు విడతల్లో జరిగితే మూడింటిలోనూ 80 శాతం దాటింది. అక్కడికి ఏ హీరో వచ్చి చెప్పాడు? గడప గడపకూ తిరిగింది వార్డు మెంబరుగా నిలబడ్డ పక్కింటి లక్ష్మో, ఎదురింటి యాదయ్యో.

నేను చెప్పేది ఒక్కటే. ఓటు అడగడం మార్కెటింగ్ పని కాదు, ఇరుగుపొరుగు పని. ఐదేళ్లపాటు ఒక వీధి కలిసి ఏదో ఒకదాని కోసం కొట్లాడి ఉంటే, పోలింగ్ రోజున ఆ వీధిని ప్రత్యేకంగా లేపాల్సిన పని ఉండదు.

ఇందుకు మన దగ్గరే ఉదాహరణలు ఉన్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఆ సెగకు 1993లో సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో మద్యనిషేధం ఎన్టీఆర్ ప్రధాన హామీ అయింది. ఆ నిషేధం 1997లో ఎలా పోయిందన్నది వేరే కథ. ఇక 1996లో నల్గొండ. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన జిల్లా, జలసాధన సమితి పిలుపుతో నామినేషన్ల మీద నామినేషన్లు వేసింది. లోక్‌సభ సీటుకు 480 మంది అభ్యర్థులు! బ్యాలెట్ పేపర్ కాస్తా బ్యాలెట్ పుస్తకమైంది. 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు అదే దారి పట్టారు. 185 మంది బరిలో ఉంటే వారిలో 178 మంది రైతులే. ఒక్కో బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. ఆ ఎన్నికలో ముఖ్యమంత్రి కుమార్తె అయిన సిట్టింగ్ ఎంపీ ఓడిపోయారు. రైతులు అడిగిన పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌కు వచ్చింది. ఆ 2019లోనే పోలింగ్ అక్కడ 68 శాతం ఉంటే హైదరాబాద్‌లో 44 దగ్గరే ఆగింది.

నల్గొండకు సర్కారు చెప్పిన జవాబు కూడా గుర్తుంచుకోవాలి. అదే 1996లో తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ సీటుకు వెయ్యికి పైగా నామినేషన్లు పడ్డాయి. దాంతో లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి ఏకంగా 10 వేలకు పెరిగింది. ఇప్పుడది 25 వేలు. జనం మరీ ఎక్కువగా ఎన్నికల్లో పాల్గొంటే టికెట్ రేటు పెంచుతారు, తక్కువగా పాల్గొంటే పరుగు పందెం పెడతారు!

హైదరాబాద్ ఓటరు జాబితాలే తప్పుల తడక, చనిపోయినవాళ్లు, ఇల్లు మారినవాళ్లు, రెండు చోట్లా పేర్లున్నవాళ్లు కలిసి శాతాన్ని కిందికి లాగుతున్నారనేది అవతలి వాదన. నిజమే. లోక్‌సత్తా కార్యకర్తలు పాతికేళ్ల కిందటే బూత్ జాబితాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి ఈ తప్పుల్ని బయటపెట్టారు. కానీ ఆ తప్పులు దిద్దేదెవరు? బడిలో పాఠాలు చెప్పుకుంటూ మధ్యలో బూత్ స్థాయి అధికారి (బీఎల్వో) డ్యూటీ చేసే టీచరమ్మ ఒక్కతే వెయ్యిమందిని గుర్తుపట్టగలదా? కిందటేడు మా వీధి జాబితా ప్రింటు తీసుకుని ముగ్గురం ఒక ఆదివారం తిరిగాం. ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిన అద్దెవాళ్లు, కాలంచేసిన పెద్దాయనలు, పెళ్లయి వెళ్లిపోయిన అమ్మాయిలు అందులో ఇంకా ఉన్నారు. పదేళ్లుగా ఇక్కడే ఉంటున్న ఇస్త్రీబండి దంపతుల పేర్లు మాత్రం లేవు. కొత్త పేరుకు ఫారం-6, తీసేయడానికి ఫారం-7, మార్పులకు ఫారం-8. ఒక్క పూట పని.

అసలు జబ్బు ఇంకా లోతుగా ఉంది. 2020లో జీహెచ్ఎంసీలో 74 లక్షలకు పైగా ఓటర్లు, 150 డివిజన్లు. అంటే ఒక్కో కార్పొరేటర్‌కు సుమారు యాభై వేలమంది. చిన్న మునిసిపాలిటీ మొత్తానికి ఒకే ఒక్క వార్డు మెంబరు ఉన్నట్టు! మూడు లక్షలు దాటిన నగరాల్లో వార్డు కమిటీలుండాలని 74వ రాజ్యాంగ సవరణ 1992లోనే చెప్పింది. 2020లో సవరించిన జీహెచ్ఎంసీ చట్టం వార్డుకు నాలుగు కమిటీలు రాసిపెట్టింది. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో చెప్పగలరా? నేనూ చెప్పలేను. కాగితం మీద ఉన్న ఆ కమిటీలు నెలకోసారి కూర్చుని నాలా పూడికకు ఎంత బిల్లయిందో, వీధి దీపాలకు ఎంత మంజూరైందో అందరి ముందూ చదివితే చాలు. అక్కడ గొంతెత్తి అడిగిన మనిషి ఓటు వేయకుండా ఇంట్లో కూర్చోడు. నగరానికి గ్రామసభ లాంటిది ఇవ్వకుండా గ్రామంలో పడినన్ని ఓట్లు పడాలనుకోవడం దురాశ.

అంతదాకా చేతిలో ఉన్నవి అపార్ట్‌మెంట్ సంఘాలూ కాలనీ సంఘాలే. మెయింటెనెన్స్ కట్టని ఫ్లాటు నంబర్లను లిఫ్టు పక్కన అంటించే సంఘాలు, అదే బోర్డు మీద ఓటరు జాబితా అంటించలేవా? మా వచ్చే జనరల్ బాడీ అజెండాలో మొదటిది లిఫ్టు, రెండోది పార్కింగ్ స్టిక్కర్లు. మూడోదిగా బూత్ జాబితా పెట్టమని రాసిచ్చాను. "ఇతరములు కింద చూద్దాం సార్, టైముంటే" అన్నారు.