ఆదివారపు చిరునవ్వు గారికి ఒక మనవి

మహారాజశ్రీ ఆదివారపు చిరునవ్వు గారికి,

వందనాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గాని, కుశలం సంగతి పూర్తిగా తమరి శాఖ కిందికి వస్తుంది కాబట్టి దాని జోలికి పోవడం లేదు. గుడి గేటు దగ్గర ఎవరైనా "ఎలా ఉన్నారండీ?" అని అడగడమే ఆలస్యం, తమరు మా పెదవుల మీద వచ్చి కూర్చుని, "దేవుని కృపలో చాలా బాగున్నామండీ" అని మా తరఫున జవాబు చెప్పేస్తారు. రాత్రంతా కంటి మీద కునుకు లేకపోయినా, అప్పులవాళ్లు ఇంటికొచ్చి నాలుగు మాటలని వెళ్లినా, కూతురు కాపురం వదిలి పుట్టింటికి వచ్చేసినా జవాబులో అక్షరం మారదు. ఇంత నమ్మకంగా పనిచేసే ఉద్యోగి సర్కారు కొలువులోనూ దొరకడు.

తమరి సేవను ఈ మధ్య ఒక సమాధి కార్యక్రమంలో దగ్గరగా చూశాను. పెట్టె మూత వేసే ముందు ఆ భార్య, పోయిన భర్త చొక్కా కాలరు సరిచేస్తూ బావురుమంది. చెయ్యి ఇంకా కాలరు మీద ఉండగానే పక్కనున్న పెద్దావిడ ఆమె భుజం పట్టుకుని, "ఊరుకోమ్మా, అన్యుల్లాగా ఏడవకూడదు. ఆయన ప్రభువు దగ్గర ఉన్నారు" అంది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. పరామర్శకు జరిగే ఆదరణ కూడికకు వచ్చినవాళ్లు "ఎంత విశ్వాసమో చూడండి, కంట తడి లేదు" అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు తమరికే చెందాలి.

నిరీక్షణ లేనివారిలా, అంటే తిరిగి లేస్తారనే ఆశ లేనివారిలా, దుఃఖపడవద్దని అపొస్తలుడైన పౌలు థెస్సలొనీకయులకు రాశాడు. తమరు మొదటి రెండు మాటలు ఎగరగొట్టి మిగతాది చాటింపు వేయిస్తున్నారు. ఏడ్చేవారితో ఏడవమని అదే పౌలు రోమీయులకు రాశాడు. ఆ వాక్యం మా ఇళ్లలో గోడ క్యాలెండరు మీద ఎందుకో కనబడదు. సమాధిలో ఉన్న లాజరును మరికాసేపట్లో బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా యేసు బేతనియలో కన్నీళ్లు విడిచాడు. తమరు అక్కడుంటే ఆయన భుజం కూడా పట్టుకునేవారు.

అయితే తమరు ఏడుపును బొత్తిగా నిషేధించలేదు, వేళలు పెట్టారు. కీబోర్డు మెల్లగా మోగుతూ, మైకులో ప్రార్థన జోరందుకున్నప్పుడు ఏడిస్తే అభిషేకం. అదే మనిషి బుధవారం మధ్యాహ్నం వంటింట్లో, ఏ వాయిద్యమూ లేకుండా ఏడిస్తే అవిశ్వాసం. కోపానికి లెక్క వేరే ఉంది. సంఘ పెద్దకు వస్తే దేవుని విషయమైన రోషం, ఆయన భార్యకు వస్తే శరీర స్వభావం. ఇక గుడిలో నిలబడి దేవుని మేలు చెప్పుకునే సాక్ష్యాలు: జబ్బు తగ్గాక చెప్పవచ్చు, ఉద్యోగం వచ్చాక చెప్పవచ్చు. లేచి నిలబడి "ఇంకా తగ్గలేదండీ" అని చెప్పి కూర్చున్నవాళ్లను నేనైతే చూడలేదు.

అలాంటివాళ్లకు కీర్తనల గ్రంథంలో మాత్రం చోటుంది. ఎంతవరకు నన్ను మరచిపోతావని 13వ కీర్తన దేవుణ్ణే నిలదీస్తుంది. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, చివర ఒక్క స్తోత్రమైనా ఉండదు. ఆ 150 కీర్తనలూ అచ్చుకు ముందు తమరి చేతికి వచ్చి ఉంటే ఎన్ని మిగిలేవో! షిలోహులో హన్నా పెదవులు మాత్రం కదుపుతూ, ఏడుస్తూ ప్రార్థిస్తుంటే యాజకుడైన ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. తమరి సంఘానికి మొదటి పెద్ద ఆయనే అయి ఉంటాడు.

మనిషిని దేవుడు తన స్వరూపంలో చేశాడని ఆదికాండం మొదటి అధ్యాయంలో ఉంది. ఆరో అధ్యాయానికి వచ్చేసరికి ఆ దేవుడే మనుషుల చెడుతనం చూసి హృదయంలో నొచ్చుకున్నాడు. జెఫన్యా గ్రంథంలో తన జనాన్ని చూసి సంబరపడతాడు. విశ్రాంతి దినాన ఊచచెయ్యి (ఎండిపోయిన చెయ్యి) గలవాణ్ణి బాగుచేస్తే తప్పు పట్టాలని కాచుకు కూర్చున్నవాళ్లను యేసు కోపంగా కలయజూశాడు, ఆ కోపంలోనే దుఃఖమూ ఉందని మార్కు రాశాడు. ఇన్ని భావాలున్న ముఖానికి ప్రతిబింబంగా తమరొక్కరే సరిపోతారా?

పండితులను సాక్ష్యానికి పిలుస్తారని తెలుసు. 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం దేవునికి శరీరమూ అవయవాలూ వికారాలూ (మనసు ఉద్రేకాలూ) లేవంటుంది. నిజమే, మన మనసులా ఆయన మనసు గాలివాటున కొట్టుకుపోదని ఆ పెద్దల భావం. అంతమాత్రాన ఆయన ముఖం రాయి అయిపోదు. ప్రతిమలు కూడదని గోడల మీది పటాలన్నీ దించేసిన ఇళ్లలో, ఎప్పుడూ ఒకేలా నవ్వే దేవుణ్ణొకణ్ణి మా ముఖాల మీదే చెక్కిపెట్టిన ఘనత తమరిది.

387లో తల్లి మోనికా ఒస్తియాలో చనిపోయినప్పుడు తొలినాటి సంఘ పండితుడు అగస్టీను సమాధి అయ్యేదాకా కన్నీళ్లు బిగబట్టాడు. అక్కడికి తమరిదే గెలుపు. కానీ తర్వాత దేవుని ఎదుట ఒంటరిగా ఏడ్చాడు. బిషప్పు అయ్యాక ఆ సంగతి దాచకుండా రాసి, చదివేవాళ్లను నవ్వవద్దని కోరాడు.

పోనీ, సంతోషమైనా తమరి పక్షాన ఉందా అంటే అదీ లేదు. దావీదు రాజు దేవుని మందసం (నిబంధన పెట్టె) ఎదుట గంతులేస్తూ ఆడుతుంటే కిటికీలోంచి చూసి ఆయన భార్య మీకాలు మనసులో ఈసడించుకుంది. పకపకా నవ్వే ఆడపిల్లను గుడిలో వెనక్కి తిరిగి చూసే చూపు ఇప్పటికీ అదే.

ప్రవక్త ఏలీయా బదరీవృక్షం కింద కూలబడి చావు కోరుకున్నప్పుడు దూత వచ్చి వాక్యం చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చి, రెండోసారి లేపి తినమన్నాడు.

అందుచేత నా మనవి ఏమిటంటే, వచ్చే ఆదివారం తమరు గుమ్మం బయట చెప్పుల దగ్గర ఆగిపోండి. ఎవరైనా ఎలా ఉన్నావమ్మా అని అడిగితే, నిద్ర పట్టడం లేదని చెబుదామనుకుంటున్నాను. అడిగినవారు ఏమనాలో తోచక బైబిలు తిరగేయబోతే, ఏలీయా దగ్గర తెరవమనండి. రొట్టె లేకపోతే టీ అయినా ఫరవాలేదు.

ఇట్లు,
ఆడవాళ్ల వైపు, ఫ్యాను కింద కూర్చునే సహోదరి