30వ తేదీ సభలో ఎవరూ ఎందుకు నోరు విప్పరు?

ప్రతి నెలా 30న పల్లెల్లో పౌర హక్కుల దినోత్సవం జరపాలని తెలుగు రాష్ట్రాల్లో ఎప్పటి నుంచో నియమం ఉంది. ఫిబ్రవరికి 30 లేదన్నది వేరే సంగతి. తహసీల్దారు, ఎస్సై ఊళ్లోకి వచ్చి అంటరానితనం నేరమని చెప్పాలి, ఫిర్యాదులుంటే తీసుకోవాలి. మంచి ఆలోచనే. బాధితుడు మండలాఫీసు చుట్టూ తిరగక్కర్లేదు, ఆఫీసే గడప దాకా వస్తుంది. చిక్కల్లా 'ఫిర్యాదులున్నాయా?' అని ఎవరి ఎదుట అడుగుతున్నారన్నదే.

నేను చూసిన ఒక సభ పంచాయతీ ఆఫీసు ముందు షామియానా కింద జరిగింది. ముందు వరుస కుర్చీల్లో ఊరి పెద్దలు. ఎస్సీ కాలనీ వాళ్లు వెనకాల, సగం మంది నిలబడే ఉన్నారు. 'మీ ఊళ్లో రెండు గ్లాసుల పద్ధతి, అంటే టీ కొట్లో దళితులకు వేరే గ్లాసు పెట్టడం, ఏమైనా ఉందా?' అని మైకులో అడిగారు. వెనకాల వాళ్లు ముందు వరుస వైపు చూశారు. రేపు కూలికి పిలవాల్సింది, కౌలుకు పొలం ఇవ్వాల్సింది ఆ వరుసే మరి. ఎవరూ మాట్లాడలేదు. 'ఫిర్యాదులు లేవు' అని రాసుకుని, ఫొటో దిగి వెళ్లిపోయారు.

కూతవేటు దూరంలోనే టీ కొట్టు. కొందరికి గాజు గ్లాసు, కొందరికి పేపర్ కప్పు. అడిగితే 'కప్పయితే శుభ్రం కదా సార్' అంటాడు. రెండు గ్లాసులు పోయి ఒక గ్లాసు, ఒక కప్పు అయ్యాయి, అంతే.

చట్టంలో లోటు పెద్దగా లేదు. 1985లో కారంచేడులో దళితుల ఊచకోత జరిగిన నాలుగేళ్లకు, 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1995 నిబంధనల ప్రకారం చట్టం అమలును చూసే జిల్లా విజిలెన్స్ కమిటీ కలెక్టర్ అధ్యక్షతన మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. నోటితో చెప్పిన ఫిర్యాదును స్టేషన్‌లో రాసుకుంటే, సంతకం తీసుకునే ముందు చదివి వినిపించాలి. 2018 సవరణ తర్వాత ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ కూడా అక్కర్లేదు. అయినా 'ముందు పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకోండి' అనే మాట స్టేషన్ మెట్ల మీద ఇంకా వినిపిస్తూనే ఉంది. విధుల్ని కావాలని పట్టించుకోని ఉద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలని అదే చట్టంలో ఉంది. ఆ సెక్షన్ గురించి మైకులో మాత్రం ఎవరూ చెప్పరు.

బాధితులకు ప్రభుత్వమిచ్చే పరిహారం సంగతీ అంతే. మొదటి విడత త్వరగా చేతికి అందితే, కూలి పోయిన కుటుంబం రాజీ ఒత్తిడిని కొన్నాళ్లయినా తట్టుకోగలదు. ఆలస్యమైతే రాజీయే గతి. ఆ ఫైలు కొన్నిసార్లు ఆగేది కుల ధ్రువీకరణ పత్రం దగ్గర. అది ఇవ్వాల్సిందేమో సభలో మైకు పట్టుకున్న తహసీల్దారే.

నన్నడిగితే సభ పెట్టాల్సింది పంచాయతీ ఆఫీసు దగ్గర కాదు, కాలనీలో. అదీ కూలికెళ్లిన ఆడవాళ్లు ఇంటికొచ్చాక, పొద్దుగూకే వేళ. అధికారులతో ఒక మహిళా కానిస్టేబుల్ ఉండాలి, ఊరి పెద్దలకు కబురు వెళ్లకూడదు. ఇక టీ కొట్టు విషయం సభలో అడగడం దేనికి? తహసీల్దారు సభకు ముందు రోజు పొద్దున్నే చెప్పా పెట్టకుండా వచ్చి, కాలనీ వాళ్లతో కలిసి ఆ బల్ల మీద కూర్చుని టీ చెప్తే చాలు.