డిగ్రీల లెక్కలో మునిగిపోయిన సముద్రం

వాతావరణ సదస్సుల్లో గొడవంతా భూమి వేడెక్కడాన్ని 1.5 డిగ్రీల దగ్గర ఆపాలా, 2 డిగ్రీల దగ్గరా అన్న చోటే తిరుగుతుంది. 2015 నాటి పారిస్ ఒప్పందం గీసిన గీతలు అవే మరి. సముద్రపు నీటి పీహెచ్‌ను, అంటే ఆమ్లతను చెప్పే అంకెను (అది తగ్గేకొద్దీ ఆమ్లత పెరుగుతుంది), ఎంతవరకు పడిపోనివ్వొచ్చో చెప్పే గీత మాత్రం అందులో లేదు. చిన్న లోపమని సర్దుకుపోయే విషయం కాదిది.

పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో 280 పీపీఎం (పది లక్షల పాళ్లలో 280) ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. మనం వదిలేదాంట్లో సుమారు నాలుగో వంతును సముద్రాలే మింగుతున్నాయి. దాన్ని ప్రకృతి చేస్తున్న ఉపకారమని మురిసిపోయేవాళ్లూ ఉన్నారు! ఫలితంగా ఉపరితల జలాల పీహెచ్ 8.2 నుంచి 8.1 దరిదాపులకు దిగింది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఈ కొలమానంలో ఒక్కో మెట్టూ పది రెట్లు. అందుకే 0.1 తగ్గితేనే హైడ్రోజన్ అయాన్లు పావు వంతుకు పైగా పెరిగాయి.

నీటిలో కరిగిన వాయువు కార్బోనిక్ ఆమ్లమై ఈ అయాన్లను వదులుతుంది. అవి కార్బొనేట్‌ను పట్టుకుని బైకార్బొనేట్‌గా మార్చేస్తాయి. పగడాలకూ ఆల్చిప్పలకూ గూడు కట్టుకోవడానికి కావలసింది ఆ కార్బొనేటే. కాల్షియానికి కొదవ లేదు. ఇటుకలు గుట్టలుగా ఉండి సిమెంటు దొరకని మేస్త్రీ పరిస్థితి వాటిది. అమెరికా పశ్చిమ తీరంలోని హేచరీల్లో 2007 ప్రాంతంలో ఆల్చిప్పల లార్వాలు కుప్పలుగా చచ్చిపోయాయి. లోతుల నుంచి పైకి ఎగదన్నిన నీటిలో ఆమ్లత ఎక్కువగా ఉండటమే కారణమని తేలాక, తొట్లలో సోడియం కార్బొనేట్ కలిపి గట్టెక్కారు. తొట్టికి కలపగలిగారు సరే, పసిఫిక్‌కు?

నీరు ఇంకా క్షారమేగా, పూర్వయుగాల్లో ఇంతకన్నా ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ ఉన్నా గుల్లజీవులు బతికాయిగా అంటారు కొందరు. రెండూ నిజమే. అయితే అప్పటి మార్పులకు లక్షల ఏళ్లు పట్టింది. రాళ్లు అరిగి క్షారం సముద్రంలో చేరేంత వ్యవధి ఉండేది. ఇప్పుడు జరిగిందంతా రెండు శతాబ్దాల పని.

నన్ను ఎక్కువగా చికాకు పెట్టేది వేరే ఉంది. పైవాతావరణంలో గంధకపు రేణువులు చల్లి సూర్యరశ్మిని తగ్గిద్దామనే ప్రతిపాదనను ఇప్పుడు పెద్దమనుషులే గంభీరంగా చర్చిస్తున్నారు. భూమి చల్లబడుతుందేమో గానీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అక్కడే ఉంటుంది, సముద్రంలోకి దిగుతూనే ఉంటుంది. ఒక్క అంకెనే లక్ష్యంగా పెట్టుకున్న పాలన ఆ అంకెనే దిద్దుతుంది. జీడీపీ విషయంలో చూసిందే ఇది.

ఉద్గారాల పద్దులోనూ ఇదే మాయ. మీథేన్‌ను, అది పెంచే వేడిని బట్టి, కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకి మార్చి ఒకే ఖాతాలో కలిపేస్తున్నారు. మీథేన్ తగ్గిస్తే వేడి తగ్గుతుంది, మంచిదే. సముద్రపు ఆమ్లతకు మాత్రం దానివల్ల ఒరిగేది దాదాపు శూన్యం. ఐరాస సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 14.3 సముద్ర ఆమ్లీకరణ ప్రభావాలను కనిష్ఠానికి తేవాలంటుంది, ఎంతకో చెప్పదు. కనీసం దేశాలు ఇచ్చే హామీ పత్రాల్లో కార్బన్ డయాక్సైడ్ కోత ఎంతో, మిగతా వాయువులతో కలపకుండా, విడి గడిలో రాయించాలి.