శిలాఫలకం పడని వైద్యం

మానసిక వైద్యానికి నిధులు పెంచాలన్న మాట ఏటా అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, గట్టిగా వినిపిస్తుంది, మర్నాటికి చల్లారుతుంది. విభజనతో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల తెలంగాణకు పోయింది, విశాఖలోది దూరం, కాబట్టి విజయవాడ-గుంటూరు మధ్య ఒక పెద్ద మానసిక వైద్యశాల కట్టాలనే కోరిక అప్పుడే బయటికి వస్తుంది. కోరిక సహజమే. నేను మాత్రం ఒప్పుకోను. ఉన్న డబ్బు ముందు మాత్రలకూ జీతాలకూ వెళ్లాలి.

పురుగుమందు తాగినవారిని గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకురావడం ఈ ప్రాంతంలో ఎవరికీ కొత్త కాదు. పొట్ట కడిగి, విరుగుడుగా అట్రోపిన్ ఇచ్చి ప్రాణం నిలబెడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అక్కడితో ఆగమనలేదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా భావించాలని, శిక్షించకూడదని 115వ సెక్షన్ చెబుతుంది. మళ్లీ ఆ పని చేయకుండా చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యతను ప్రభుత్వం మీద పెడుతుంది. మొదటి సగం పైసా ఖర్చు లేనిది, అందుకే అందరికీ గుర్తుంది. ఇంటికి చేరిన వారం తర్వాత ఆ గుమ్మం ఎవరు తొక్కాలి? దానికి మనుషులు కావాలి, వాళ్లకు నెలనెలా జీతం కావాలి.

లేని మాటలు వినిపించే స్కిజోఫ్రీనియా వంటి జబ్బులకు మందులు ఏళ్ల తరబడి వాడాలి. పల్నాడు పల్లె నుంచి రోగి ఒంటరిగా రాలేడు. తోడు వచ్చే తల్లి కూలీ కూడా పోతుంది. మిరప కోతల కాలంలో అయితే ఆ ప్రయాణం అసలే జరగదు. నిద్ర పడుతోంది, కేకలు తగ్గాయి, ఇక మందెందుకని ఆపేస్తారు. కొన్ని నెలలకు జబ్బు తిరగబెడుతుంది. అదే ఊరికి 104 వాహనం బీపీ, షుగర్ మాత్రలు తెచ్చి ఇస్తోంది. ఆ పెట్టెలోనే రిస్పెరిడోన్, ఫ్లూయాక్సెటిన్ వంటి మానసిక జబ్బుల మాత్రలు ఎందుకు ఉండకూడదు? అవేమీ బంగారం ధర పలికే మందులు కావు.

సైకియాట్రిస్టులే లేనప్పుడు నిధులిచ్చి ఏం లాభం, 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక సలహా సేవ టెలి మానస్ ఉంది కదా అంటారు. ఫోను ఓదారుస్తుంది, దారి చూపుతుంది. మాత్ర చేతిలో పెట్టలేదు. ఇక నిపుణుల సంగతి. శిక్షణ ఇస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరే చాలా కేసులు చూడగలరని 1980ల్లోనే కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో చేసిన ప్రయోగం తేల్చింది. దాన్ని నమూనాగా తీసుకునే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. అయినా 2015-16 జాతీయ సర్వే నాటికి చికిత్స అవసరమైనవారిలో, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం మందికి అది అందడం లేదు. 2024-25 కేంద్ర బడ్జెట్‌లో బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు 850 కోట్లు, దేశమంతటి టెలి మానస్‌కు 90 కోట్లు. నిమ్హాన్స్ గొప్ప సంస్థే, కానీ మాచర్ల నుంచి అక్కడికి 104 వెళ్లదు.

అసలు జబ్బు మన పాలనలో ఉంది. రిబ్బను కత్తిరించడానికి వీలుకాని పనికి ఇక్కడ డబ్బు పుట్టదు. 2015లో శంకుస్థాపన చేసిన అమరావతికి 2025లో పనుల పునఃప్రారంభమంటూ మళ్లీ సభ పెట్టి ప్రధానిని పిలిచాం. మందుల సరఫరాకు శిలాఫలకం ఉండదు, కౌన్సెలర్ జీతానికి ప్రారంభోత్సవం ఉండదు. కాలువల పూడికతీత, బడి మరుగుదొడ్ల శుభ్రత, అన్నిటిదీ ఇదే గతి. కట్టేవాడికి పేరు, నడిపేవాడికి బకాయి.

వచ్చే రాష్ట్ర బడ్జెట్ సమావేశాల్లో కృష్ణా, గుంటూరు, పల్నాడు ఎమ్మెల్యేలు కొత్త భవనం అడగబోయే ముందు ఒక లెక్క అడగాలి: 104లో మానసిక రోగుల మందులకు ఎంత కేటాయించారు, ఆ పద్దులో మార్చి నాటికి ఎంత ఖర్చుపెట్టారు?