కోరంగారూ, ఈసారైనా దయచేస్తారా?

మహారాజరాజశ్రీ కోరంగారి సముఖమునకు,

విజయనగరం కంటోన్మెంటు వైపు 36 ఫ్లాట్ల అపార్టుమెంటు సెక్రటరీ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, లిఫ్టు తప్ప.

తమరు మా వార్షిక సమావేశంలో కంటపడి మూడేళ్ళయింది. తమరంటే సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు కదా, మా బైలాల ప్రకారం అది మూడో వంతు, అంటే పన్నెండుగురు ఓనర్లు. మా కిందింటి బారసాలకి అరవై మంది వచ్చారు, పిలవనివాళ్ళతో కలిపి.

ఏర్పాట్లలో లోపం ఉందనకండి. 21 రోజుల ముందే లిఫ్టు పక్కన నోటీసు అంటించాను. వారం తిరిగేసరికి పిల్లలు దానిమీద మూడు వికెట్లు గీశారు. వాట్సాప్‌లో అజెండా పెడితే ముప్పయి మంది దండం బొమ్మ పెట్టారు. ఆ దండం వస్తామనో, మమ్మల్నొదిలెయ్యమనో ఇంతవరకూ తేలలేదు. ఆడిటయిన లెక్కలు ఇంటింటికీ పంచాను. మర్నాడు ఒకరింట్లో బజ్జీలు పెట్టిన కాయితం మీద నూనెమరక లోంచి జనరేటరు డీజిలు ఖర్చు కనిపించింది. మొత్తానికి ఒకరైనా తెరిచారని సంతోషించి రెండు తిన్నాను.

నా ముందు సెక్రటరీ గోదావరి మనిషి. పాపం, తెలీక తొలేళ్ళనాడు మీటింగు పెట్టాడు. పైడితల్లమ్మ పండగ ముందురోజు ఊళ్ళో ఎవడు ఇంటిపట్టునుంటాడు? టెంటుహౌసు నుంచి తెచ్చిన నలభై కుర్చీల్లోనూ ఒక పిల్లి కూచుంది. మర్నాడు సిరిమాను అనే పొడుగాటి మాను కొసన పూజారిగారు ఊరేగుతుంటే జనం భక్తితో అరటిపళ్ళు విసురుతున్నారు. ఈయన నా చెవిలో, "సెక్రటరీ పని కూడా ఇదేనండీ, ఆ భక్తొక్కటే ఉండదు" అన్నాడు. ఆ వారమే కాకినాడ బదిలీ చేయించుకున్నాడు. మాను నాకు వచ్చింది.

తమరు రాకపోతే ఏం మునిగిందంటారా? 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరయినవాళ్ళం. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కమిటీ జాబితా రిజిస్ట్రారుకి పంపాలి. తీర్మానం కాపీ లేనిదే బ్యాంకువాళ్ళు సంతకాలు మార్చరు. కాబట్టి కార్పస్ ఫండు చెక్కుల మీద ఇప్పటికీ ఆ గోదావరాయన సంతకమే. మోటారు కాలినప్పుడల్లా నేను కాకినాడ బండెక్కుతున్నాను. అరగంట వాయిదా వేసి ఉన్నవాళ్ళతో కానిచ్చెయ్యమని కొన్నిచోట్ల బైలాల్లో రాసుకుంటారు. మాది రాసినాయనకి తమరంటే గౌరవం ఎక్కువ.

బాకీ ఉన్నవాళ్ళు లెక్కలోకి రారని ఇంకో రూలుంది. దాన్ని అమలు చేస్తే తమరు ఈ జన్మకి ఏర్పడరు. అద్దెకున్నవాళ్ళు ముందు వరసలో కూచుంటారు, వాళ్ళకి ఓటు లేదు. ఓటున్నవాళ్ళు తొమ్మిదిమంది హైదరాబాదులో ఉన్నారు.

పోయినసారి వచ్చిన ఏడుగురూ గంటన్నరసేపు జీఎస్టీ మీద దెబ్బలాడుకున్నారు. ఫ్లాటుకి మెయింటెనెన్సు నెలకి 7,500 దాటి, అసోసియేషన్ రాబడి కూడా ఏడాదికి 20 లక్షలు దాటితే కదండీ 18 శాతం, మనది 1,800 అన్నాను. "ఇయ్యాల పద్దెనిమిదొందలు. రేపు దాటితే ఏటి సేత్తావు?" అన్నారు మూడో అంతస్తు పెద్దాయన. నాకు జవాబు రాలేదు. వాళ్ళకి టీ వచ్చింది.

మొన్న ఆదివారం ఆరుగంటలకి మళ్ళీ నేనూ కుర్చీలూ మిగిలాం. వాచ్‌మన్ జాలిపడి, "ఆళ్ళు ఊరికే రారు బాబూ. మోటారు ఆపేమంతారేటి?" అన్నాడు.

ఆపాడు. 6.20కి తమరు దిగడం మొదలైంది. ముందు రెండో అంతస్తాయన, నెత్తిన షాంపూ నురగతో. వెనక బకెట్లు. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను, పద్నాలుగు! మూడేళ్ళ తర్వాత తమ దర్శనం. లేచి దండం పెట్టి, మినిట్స్ పుస్తకం చాపి, "ముందు సంతకాలండీ..." అన్నానో లేదో, పైనించి ఎవరో "నీళ్ళొచ్చేసేయి!" అని కేకేశారు.

పుస్తకంలో ఒక్క సంతకమే పడింది. అదీ షాంపూ చెయ్యి, అలికిపోయింది.

వాచ్‌మన్‌ని నిలదీశాను. "అమ్మగారే ఏసేమన్నారు బాబూ, అంట్లుండిపోనాయంట" అన్నాడు.

ఆ అమ్మగారు మా ఆవిడే.

ఇట్లు,
తమ విధేయుడు,
సెక్రటరీ (ఇంకా)