సవరణ: మెదడు గాయం తర్వాత ఆసరాతో చేసే ఉద్యోగం గురించి
మెదడుకు గాయమై కోలుకుంటున్నవారి ఉపాధి గురించి ఇంతకుముందు రాస్తూ, శిక్షణ పూర్తయ్యాకే వారిని ఉద్యోగంలో చేరుస్తారని, పని పట్టుబడగానే జాబ్ కోచ్ (పక్కనుండి పని నేర్పి సాయపడే వ్యక్తి) తప్పుకుంటారని చెప్పాను. ఆ రెండు మాటలూ తప్పు. నేను వర్ణించింది విడిగా నడిపే శిక్షణ కేంద్రాల పాత పద్ధతి; 1980లలో అమెరికాలో రూపుదిద్దుకున్న సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్‌లో, అంటే ఆసరాతో చేసే ఉద్యోగ పద్ధతిలో, ముందు మామూలు సంస్థలో, జీతమిచ్చే ఉద్యోగంలో చేర్చి, ఆ పనిని అక్కడే నేర్పుతారు. ఈ తేడా చిన్నది కాదు, ఎందుకంటే మెదడు గాయం తర్వాత ఒకచోట నేర్చుకున్నది మరోచోట అక్కరకు రావడం చాలామందికి కష్టమవుతుంది. శిక్షణ గదిలో ఫైళ్లను చక్కగా సర్దిన మనిషే, అసలు ఆఫీసులో ఫోను మోగేసరికి ఏ ఫైలు దగ్గర ఆగారో మరిచిపోవచ్చు. అందుకే కోచ్ ఆ బల్ల పక్కనే కూర్చుని, పనిలోని దశలను వరుసగా ఒక కార్డు మీద రాయించి, పూర్తయిన దశ పక్కన టిక్కు పెట్టడం అలవాటు చేయిస్తారు. పని మధ్యలో ముంచుకొచ్చే అలసటను బట్టి, యజమానితో మాట్లాడి విరామాలు కుదురుస్తారు. పైకి కనిపించని ఆ అలసటను బద్ధకమని పొరబడడం నన్ను ఎంతో బాధించే విషయం.

ఇక కోచ్ వచ్చే గంటలు క్రమంగా తగ్గుతాయే గాని, సంబంధం తెగిపోదు. పై అధికారి మారినా, కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినా మళ్లీ వచ్చి సాయపడతారు. నా పాత మాటలు నమ్మి, ఇంకా సిద్ధం కాలేదనుకుని ఎవరైనా దరఖాస్తు వాయిదా వేసుకుని ఉంటే, ఆ వాయిదా అవసరం లేదని గమనించగలరు.